పందిరి వేసినవాళ్ళు

నాటకం ఆడినవాళ్ళ గురించి విమర్శకులు రాస్తారు. నాటకం రాసినవాడి గురించి ఇంకా ఎక్కువ రాస్తారు. పందిరి వేసి, దీపాలు వెలిగించి, తొక్కిసలాట లేకుండా జనాన్ని కూర్చోబెట్టినవాళ్ళ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. భరతముని ఒక్కడు మినహాయింపు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోనే, తొలి ప్రదర్శనని విఘ్నాలు చెడగొట్టాయనీ, అప్పుడు విశ్వకర్మ చేత నాటకశాల కట్టించి, వేషాల గదికి మిత్రుణ్ణీ, మూలలకి మరుత్తుల్నీ, ఇలా చోటుకొకరి చొప్పున దేవతలని కాపలా పెట్టారనీ చెప్పాడు. ఇంద్రుడంతటివాడు రంగస్థలం పక్కనే నిలబడ్డాడట. అంటే మొట్టమొదటి వాలంటీర్లు దేవతలన్నమాట!

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకంటారా? ఆన్‌లైన్ ఆటల అభిమానులు శని ఆదివారాల్లో జరుపుకునే సంబరాల గురించి నాలుగు మాటలు చెప్పాలని. ఆ సంబరాల్లో గెలిచినవాడి ఫోటో పత్రికల్లో పడుతుంది. విచిత్ర వేషం వేసిన అమ్మాయి ఫోటో మరింత పెద్దగా పడుతుంది. మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడిన కుర్రాడు ఏ ఫోటోలోనూ ఉండడు. ఉన్నా వీపే కనిపిస్తుంది.

అసలు ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆటకి ఊరూ వాడా దాటి వెళ్ళడం ఎందుకు? ఈ ప్రశ్న పెద్దలందరూ అడిగేదే. సాంకేతికమైన జవాబు ఒకటుంది. దూరాన ఉన్న యంత్రం ద్వారా ఆడితే మనం మీట నొక్కిన సంగతి అక్కడికి చేరి తిరిగి రావడానికి సెకనులో ఇరవయ్యో వంతో, పదో వంతో పడుతుంది. ఒకే కప్పు కింద తీగలతో కలిపి ఆడితే ఆ ఆలస్యం లెక్కలోకే రాదు. ఓడినవాడు నెట్టు మీద నెపం పెట్టడానికి వీలుండదు. అయితే అసలు జవాబు అది కాదు. హరికథ రేడియోలో వస్తున్నా గుడి దగ్గరికి వెళ్ళి వినేవాళ్ళు ఎందుకు వెళ్ళారో వీళ్ళూ అందుకే వెళ్తున్నారు. పక్కవాడు నవ్వితే మనకి మరికాస్త నవ్వొస్తుంది. అంతే.

ఈ సంబరాలు పుట్టిన తీరు ముచ్చటైనది. స్వీడన్‌లో మలుంగ్ అని మన దేవరకొండ కంటే చిన్న ఊరు. అక్కడి బడిపిల్లలు కంప్యూటర్లు మోసుకొచ్చి బడి నేలమాళిగలో చేరేవారు. 1994లో అదే బడి ఫలహారశాలకి మారి 'డ్రీమ్‌హ్యాక్' అని పేరు పెట్టుకున్నారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు గార్లండ్‌లో 1996లో ఒక హోటల్లో కొద్దిమంది అభిమానులు కూడితే అది 'క్వేక్‌కాన్' అయింది. రెండిటా తీగలు పరిచినవాళ్ళూ ఆడినవాళ్ళూ ఒక్కరే. తర్వాత డ్రీమ్‌హ్యాక్‌ని 2015లో ఒక పెద్ద వినోద వ్యాపార సంస్థ కొనేసింది. 2018లో అది ముంబయి వచ్చింది, అక్కణ్ణించి హైదరాబాదూ చేరింది. 2024 నవంబరులో హైటెక్స్‌లో కామిక్ కాన్‌తో కలిసి మూడు రోజులు జరిగింది. నేలమాళిగ నుంచి మహాసౌధానికి! పిల్లల ఆట పెరిగి పెద్దదైనందుకు సంతోషించవలసిందే. కాని పెరిగే క్రమంలో ఏదో జారిపోయింది. అదేమిటో వెతకడమే విమర్శకుడి పని.

ఇలాంటి సంబరం ఒకదానికి సాయం చేసి వచ్చిన కుర్రాణ్ణి దేవరకొండలో కదిపి చూశాను. "పైసల కోసం పోలే సార్, లోపల ఎట్ల నడుస్తదో చూద్దామని పోయిన" అన్నాడు. వచ్చినవాళ్ళ చేతికి పట్టీలు కట్టడం, వేషగాళ్ళ కత్తులు అట్టవో ఇనుపవో తడిమి చూడడం, కాళ్ళకి తగలకుండా తీగల మీద టేపు అతికించడం, తప్పిపోయిన పిల్లల్ని తల్లుల దగ్గరికి చేర్చడం, ఇవీ అతని పనులు. ఈ ఆటల కంప్యూటరు ఒక్కొక్కటి అర కిలోవాటు దాకా కరెంటు లాగుతుంది. వంద పెడితే 50 కిలోవాట్లు! ఒక్క ప్లగ్గు ఊడితే ఒకడి పోటీ మునిగినట్టే. "మరి ఆట చూశావా?" అన్నాను. "చప్పట్లు వినవడ్డయి సార్" అన్నాడు.

ఆ మాట నవ్వుతూనే అన్నాడు గాని, నాకు గుచ్చుకుంది. మన చెరువుగట్టు జాతరలోనూ, పెద్దగట్టు జాతరలోనూ నీళ్ళు పోసేవాళ్ళున్నారు, వరస నిలబెట్టేవాళ్ళున్నారు. వాళ్ళకీ కూలి లేదు. అయితే జాతర వాళ్ళది. దేవుడి ఎదుట ధనికుడికీ నీళ్ళు పోసేవాడికీ ఒకటే బొట్టు. టిక్కెట్టు పెట్టి, అంగళ్ళకి చోటు అద్దెకిచ్చి, ప్రకటనలు అమ్ముకునే చోట 'సేవ' అనే పాత మాట వాడడం సరికాదు. లాభం వచ్చే పందిరికి గుంజలు పాతినవాడు భక్తుడు కాడు, పనివాడు. పనివాడికి కూలి ఇవ్వాలి. కనీసం బస్సు ఛార్జీ, వేళకి భోజనం, ఆట చూసుకోవడానికి ఒక పూట విడుపు ఇవ్వాలి.

వేషాల సంగతి మరొకటి. జపాను బొమ్మల కథల వేషాలు కుట్టడంలో మన పిల్లల ఓపికకి జోహార్లు. ఆ ఓపికలో కాస్త ఇటూ ఖర్చు పెట్టరాదూ? 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళ పేర్లు చూడండి: కంచుకోట, రాకాసిలోయ, జ్వాలాద్వీపం. ఆటలో అంచెలకి పెట్టినట్టు లేవూ? 'పాతాళభైరవి' నేపాల మాంత్రికుడు ఆ వరసలో నడిచొస్తే ఎంత బాగుంటుంది! ఎరాంగెల్ అనే లేని దీవిలో ప్రతి మేడా గుర్తుపట్టే పిల్లలకి, పద్మనాయకులు ఏలిన దేవరకొండ కోటలో ఏ గుమ్మం ఎటుందో కూడా తెలిస్తే ఆ కోటనే ఆటగా అల్లగలరు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ఈ సంబరాలు అక్కర్లేదనడం నా ఉద్దేశం కాదు. డబ్బు పందెం ఆటలూ ఇవీ ఒకటేనని భయపడే తల్లిదండ్రులు 2025లో వచ్చిన కేంద్ర చట్టం రెంటినీ వేరుగా చూసిందని గమనించాలి. పైగా ఈ పిల్లల ఆట ఎంత అస్థిరమో చూడండి. పబ్‌జీని 2020 సెప్టెంబరులో నిషేధించారు. దాని స్థానంలో 2021లో వచ్చిన ఆటా 2022లో మాయమై 2023లో మళ్ళీ వచ్చింది. రాత్రికి రాత్రి మైదానమే లేకుండా పోతే మిగిలేది తోటి ఆటగాడి మొహం ఒక్కటే. ఆ మొహాన్ని చూపించేది ఈ పందిరే.

కనుక దేవరకొండ పిల్లలకి నా సలహా ఇది. హైదరాబాదులో గుంజలు పాతడం నేర్చుకున్నారు కదా, ఒక ఆదివారం ఇక్కడే ఒక ఫంక్షన్ హాలు తీసుకోండి. పది ఫోన్లు, ఒక తెర, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చే పిల్లలు. చాలు. మలుంగ్‌లో మొదలైంది ఇంతకంటే గొప్పగా ఏమీ కాదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి: వంతులవారీగా అందరూ పని చెయ్యాలి, అందరూ ఆడాలి. చప్పట్లు విన్నవాడు వాటిని కొట్టించుకునే వంతు కూడా రావాలి.