పాతదాని పక్కనే కొత్త కంపైలర్

మనిషి రాసిన ప్రోగ్రామును ప్రాసెసరుకు అర్థమయ్యే యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. లినక్స్‌లో ఆ పని ఎక్కువగా జీసీసీది. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో దాన్ని సోర్సుతో సహా విడుదల చేశారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నల్‌ను కంపైల్ చేసిందీ దానితోనే. తెలుగు రాష్ట్రాల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో తీర్చిదిద్దిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు పునాది డెబియన్ అనే లినక్స్. అందుకే కంపైలర్‌ను ఎక్కించడానికి, అప్‌డేట్ చేయడానికి ఇక్కడ చెప్పే పద్ధతీ డెబియన్‌దే.

ముందు ఆప్ట్ అప్‌డేట్ అనే ఆదేశంతో ప్యాకేజీల జాబితాను తాజా చేసుకుని, బిల్డ్-ఎసెన్షియల్ అనే ప్యాకేజీని ఎక్కించాలి. సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్లు, మేక్ అనే నిర్మాణ సాధనం, లైబ్రరీ హెడర్ ఫైళ్లు దానితోపాటే వస్తాయి.

పర్ణశాల లాంటి అడవి అంచు ఊళ్లో కంప్యూటరుకు నెట్ లేకపోయినా పని ఆగనక్కర్లేదు. ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే సాధనం అందులో ముందే ఉంటే, కావలసిన ప్యాకేజీల చిట్టాను చిన్న ఫైలుగా రాసిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో దాన్ని భద్రాచలం తీసుకెళ్లి, నెట్ ఉన్న కంప్యూటరులో ప్యాకేజీలు దించుకుని, తిరిగొచ్చి ఎక్కించుకోవచ్చు.

అసలు చిక్కు కంపైలర్‌ను అప్‌డేట్ చేసే దగ్గర వస్తుంది. 2023లో వచ్చిన డెబియన్ 12లో జీసీసీ 12 ఉంది, 2025 నాటి డెబియన్ 13లో జీసీసీ 14. ఒక విడుదలకూ మరో విడుదలకూ మధ్య దిద్దుబాట్లే తప్ప పెద్ద వెర్షను మారదు. అంతకంటే కొత్తది కావాలంటే సోర్సు నుంచి కట్టుకోవాలి. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే గణిత లైబ్రరీలు సిద్ధం చేసుకుని, సోర్సుకు బయట వేరే ఫోల్డరులో నిర్మాణం మొదలుపెట్టాలి.

ఈ విద్యలో అన్నిటికంటే అందమైన ఘట్టం ఇక్కడే ఉంది. పాత కంపైలర్ కొత్తదాన్ని తయారుచేస్తుంది. ఆ కొత్తది అదే సోర్సు నుంచి తనను తాను మళ్లీ తయారుచేసుకుంటుంది. అలా వచ్చిన రెండోది మూడోదాన్ని చేస్తుంది. మొదటిదాని యంత్రకోడు పాత కంపైలర్ చేతిపని కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. రెండు, మూడు తరాల ఆబ్జెక్టు ఫైళ్లను పోలుస్తారు. తేడా కనిపిస్తే నిర్మాణం అక్కడే ఆగిపోతుంది. పాత కంప్యూటరు మీద ఇదంతా గంటల పని, కానీ అంత ఓపికా పట్టదగిన పని.

తయారైన కంపైలర్‌ను సిస్టమ్‌లో ఉన్నదాని మీద పెట్టకూడదు, దానికంటూ వేరే ఫోల్డరు ఇవ్వాలి. సోర్సు నుంచి పైథాన్ భాషను కట్టుకునేటప్పుడూ ఇదే నియమం, అక్కడ మరీ ముఖ్యం. డెబియన్‌లో చాలా పనిముట్లు సిస్టమ్ పైథాన్ మీదే నడుస్తాయి. దాన్ని మారిస్తే అవి చెడతాయి. అందుకే సోర్సు నుంచి కట్టిన పైథాన్‌ను మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ అనే ఆదేశంతో పక్కన పెడతారు, ప్రాజెక్టుల లైబ్రరీలను వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంచుతారు.

కంపైలర్ మారితే భాష కూడా మారవచ్చు. 2025లో వచ్చిన జీసీసీ 15 సీ భాషను సీ23 ప్రమాణం ప్రకారం చదువుతుంది. అందులో బూల్ అనేది భాష సొంత పదం. ఆ పేరుతో తమ సొంత రకాన్ని నిర్వచించుకున్న పాత ప్రోగ్రాములు అక్కడ ఆగిపోతాయి. వాటి మేక్‌ఫైల్‌లో పాత ప్రమాణం సీ17ను కోరే ఆప్షన్ రాస్తే, కొత్త కంపైలర్ వాటిని పాత పద్ధతిలోనే చదువుతుంది.