వాట్సన్ గాయము

ప్రీతి యున్నచోట పరీక్షకు తావుండదనియు, ఒకే గ్రంథమాలను మరల మరల చదువువానికి విమర్శ అలవడదనియు పెద్దలు కొందరు చెప్పగా వినియున్నాను. నా యనుభవము మాత్రము ఇందుకు విరుద్ధముగా నున్నది.

ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన షెర్లాక్ హోమ్స్ కథలు, నాలుగు నవలలును 56 చిన్న కథలును, కాలేజీ దినములలో నా చేత బడినవి. నేరము చేసినవాడెవడో తెలిసికొనవలెనను తహతహతోనే మొదటిసారి చదివితిని. రెండవసారి చదువునప్పుడు ముగింపు ముందే యెరిగియుండుటచేత దృష్టి కథనుండి కథనముమీదికి మరలినది. 1887లో వెలువడిన తొలి నవలలో, అఫ్గన్ యుద్ధమున పరిశోధకుడైన హోమ్స్‌కు మిత్రుడును, ఈ కథలను చెప్పువాడును నగు డాక్టర్ వాట్సన్ భుజమునకు తగిలిన తుపాకిగుండు, 1890 నాటి రెండవ నవలలో కాలికి తగిలినట్లుండుట అప్పుడు గదా నాకు కనబడినది! రెంటిని అభిమానముతో జ్ఞప్తియందుంచుకొన్నవానికే గాని ఇట్టి వైరుధ్యము గోచరింపదు.

ఈ మరపు డాయిల్‌దా, వాట్సన్‌దా యని నన్ను నేను ప్రశ్నించుకొన్న నాడే, గ్రంథకర్త వేరు, కథకుడు వేరు అను భేదము నాకు తొలిసారిగా స్ఫురించినది. పిమ్మట లెక్కించి చూడగా, 60 రచనలలో వాట్సన్ చెప్పనివి నాలుగే. వానిలో రెంటికి హోమ్స్ తానే కథకుడు. 1926లో అచ్చయిన ఆ కథలలో ఒకదానియందు, మధ్యనున్న యుక్తులను మరుగుపరచియే వాట్సన్ తన ముగింపులతో విస్మయము కలిగించెనని హోమ్స్ చెప్పుకొనును. నన్నింతకాలము ముగ్ధుని జేసినది పరిశోధకుని మేధ యొక్కటియే కాదనియు, దానిని ఏ వరుసలో చూపవలెనో, ఎంత దాచవలెనో యెరిగిన కథకుని నేర్పు సయితమనియు ఆ మాటతో బోధపడినది. గుర్రపుసాలలోని కుక్క నేరము జరిగిన రాత్రి మొరగకుండుటయే సాక్ష్యమైన కథను మరల చదివినపుడు, చెప్పబడినదానితో పాటు చెప్పక విడిచినదానిని గూడ చదువవలెనని గ్రహించితిని. చరిత్రగ్రంథమైనను, ఆత్మకథయైనను, వార్తాపత్రికయైనను నేడు నేను చదువుచున్నది ఆ విధముననే.

విమర్శవలన ఆ కథలపై నాకు మక్కువ తగ్గలేదు. ఏటేట ఆ రెండవ నవలను విప్పుదును. గాయపడిన కాలి ప్రసక్తి రాగానే పుటమీద వ్రేలుంచి ఒక క్షణమాగుదును. నాకు చదువ నేర్పినది ఆ యాగుటయే.