ఎంత ముక్క కావాలి?

రెండేళ్లు, మూడు దుకాణాలు, ఏడాదికి నాలుగు త్రైమాసికాలు. అమ్మకాల లెక్కంతా ఒకే అర్రేలో ఉంది: 24 సంఖ్యలు, ఆకారం 2 3 4. ఒక్కో దుకాణం ఏడాది మొత్తం ఎంతో తేలాలంటే చాలా భాషల్లో లూపులో లూపు రాయాలి. జె భాషలో +/"1 అంటే చాలు. చివరనున్న ఆ 1 పేరే ర్యాంక్.

కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని మొదటి అక్షం అనుకుంటారు. తికమక అక్కడే మొదలవుతుంది. ఫంక్షన్ చేతికి ఒక్కో విడతలో ఎన్ని కొలతల ముక్క అందాలో చెప్పేది ర్యాంక్. ముక్కను ఆకారం చివరి నుంచి కోయాలి. ముందు మిగిలింది ఫ్రేమ్. ర్యాంక్ 1 అయితే నాలుగేసి సంఖ్యల వరసలు ఆరు వస్తాయి. ఒక్కోదాన్ని కూడి, ఆరు జవాబులనూ 2 3 పట్టికగా పేర్చే పని భాషదే.

1 తీసి 2 పెడితే, 3 4 పట్టికలు రెండు అందుతాయి. జెలో +/ తనకు దొరికిన ముక్కను మొదటి అక్షం వెంటే కూడుతుంది కాబట్టి, ఈసారి దుకాణాలు కలిసిపోయి త్రైమాసికాలు మిగులుతాయి. ర్యాంక్ అసలే రాయకపోతే అర్రే అంతా ఒకే ముక్క, కలిసిపోయేవి ఏళ్లు. అనుమానం వస్తే +/ స్థానంలో < పెట్టి చూడటం మంచి అలవాటు. అది ఒక్కో ముక్కనూ ఒక్కో పెట్టెలో పెట్టి కళ్లకు కట్టిస్తుంది.

కెన్నెత్ ఐవర్సన్ 1962 నాటి పుస్తకం నుంచి పుట్టిన ఏపీఎల్‌లో అక్షం సంఖ్యను బ్రాకెట్లలో రాసేవారు. ఆ వెసులుబాటు కొన్ని ఫంక్షన్లకే ఉండేది. ర్యాంక్ ఆలోచన ఆర్థర్ విట్నీది. 1990లో ఐవర్సన్, రోజర్ హుయ్ తెచ్చిన జెలో అది ప్రతి ఫంక్షన్‌కూ వర్తించింది, వాడేవాళ్లు సొంతంగా రాసుకున్న వాటికి కూడా. ఐవర్సన్ భాషలకు జరిగిన మేళ్లలో ఇంత పెద్దది మరొకటి కనిపించదు.

అసలు పరీక్ష ఫంక్షన్లను కలిపేటప్పుడు ఎదురవుతుంది. @తో కలిపిన జంట కుడివైపు ఫంక్షన్ ర్యాంక్‌కే కట్టుబడి నడుస్తుంది. వర్గం చేసే *: ర్యాంక్ 0, అది ఒక్కో సంఖ్యనే చూస్తుంది. 1 2 3 వర్గాల మొత్తం కోసం +/@*: రాస్తే 1 4 9 వస్తుంది, ఎందుకంటే ప్రతి వర్గాన్నీ దానికదే విడిగా కూడేసింది. @: రాస్తే వర్గాలన్నీ ముగిశాకే కూడిక మొదలై 14 వస్తుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఇలాంటి వరస కనబడగానే ముందు కుడి చివర ఉన్న ఫంక్షన్ ర్యాంక్ ఎంతో చూసుకుంటారు.