ప్రయోగానికి పునాది ఎక్కడ? – పాలస్తీనా సినిమా

ప్రయోగం అన్న మాట వింటేనే మన అభ్యుదయ విమర్శ కనుబొమలు ముడుస్తుంది. చెప్పడానికి వస్తువు లేనివాడే రూపంతో గారడీ చేస్తాడని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు లేకపోలేదు. కాని దాన్ని సూత్రంగా మార్చి అన్ని దేశాల కళకూ తూనికరాయి చేయడం సరికాదని నా అభిప్రాయం. పాలస్తీనా సినిమా ఇందుకు సాక్ష్యం.

1948లో ఏడు లక్షలకు పైగా పాలస్తీనియన్లు ఇల్లూ పొలమూ కోల్పోయి నిర్వాసితులయ్యారు. 1969లో ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ అసలు అలాంటి ప్రజలే లేరన్నట్టు మాట్లాడింది. ముస్తఫా అబూ అలీ 1974లో తీసిన డాక్యుమెంటరీకి ‘వాళ్లు లేరు’ అని పేరుపెట్టి ఆ మాటను తిప్పికొట్టాడు. లెబనాన్‌లోని నబతియే శరణార్థి శిబిరం, దానిపై జరిగిన బాంబుదాడి అందులోని వస్తువు. అప్పుడు కావలసింది రుజువు. డాక్యుమెంటరీ రూపం అందుకు సరిపోయింది. 1982లో ఇజ్రాయెల్ సైన్యం బేరూత్‌ను ముట్టడించిన రోజుల్లో పాలస్తీనా విమోచన సంస్థ ఫిలిం భాండాగారం మాయమైంది. రుజువే పోయిన జాతి ఇక ఏ రూపంలో మాట్లాడాలి?

నజరేతులో పుట్టిన మిషెల్ ఖ్లేఫీ 1980లో ‘సారవంతమైన జ్ఞాపకం’ తీశాడు. అందులో ఇద్దరు స్త్రీలు. ఒకరు రచయిత్రి సహర్ ఖలీఫే. మరొకరు ఫ్యాక్టరీలో పనిచేసే పెద్దావిడ రూమియా. ప్రభుత్వం లాక్కున్న నేలకు బదులు పుచ్చుకోమని పిల్లలు చెబుతున్నా ఆమె ఒప్పుకోదు. ఆమె పనిపాటలను కెమెరా తొందరపడకుండా చూస్తుంది. నినాదం లేదు. ఆ మొండితనమే రాజకీయం.

కమాల్ అల్‌జఫారీ 2015లో తీసిన ‘జ్ఞాపకం’ ఇంకా ముందుకు వెళ్లింది. 1960ల నుంచి 1990ల దాకా జాఫా పట్నంలో తీసిన ఇజ్రాయెలీ, అమెరికన్ కథాచిత్రాలను తీసుకుని, వాటిలోని నటులను సాంకేతికంగా చెరిపేశాడు. మిగిలినవి గోడలు, మెట్లు, సముద్రం, అనుకోకుండా కెమెరాకు చిక్కిన బాటసారులు. తమను తెరమీంచి చెరిపేసిన పద్ధతినే అతడు చెరిపినవాళ్ల మీద ప్రయోగించాడు.

ఇది గారడీయా? ఒక పరీక్ష పెట్టి చూద్దాం. ఇదే వస్తువును మామూలు కథగా తీయాలంటే జాఫా కావాలి. మన్‌షియా వంటి పేటలు కూల్చివేతలో పోయాయి. వాటి ఆనవాళ్లు పరాయివాడి సినిమాలో వెనక తెరగా మిగిలాయి. కనుక ఈ రూపం దర్శకుడి సరదా కాదు, అతనికి మిగిలిన దారి.

అయితే ఒక అభ్యంతరం నాకూ ఉంది. ఈ చిత్రంలో వ్యాఖ్యానం మన చేయి పట్టుకుని నడిపించదు. 1948 సంగతి తెలియనివాడికి అవి ఖాళీ వీధులుగానే కనిపించవచ్చు. ఇలాంటి చిత్రాలు చలనచిత్రోత్సవాల ప్రేక్షకులకు చేరినంతగా శిబిరాల్లోని కూలీకి చేరవు. రూమియా మొండితనం ఏ తల్లికైనా అర్థమవుతుంది. ఖాళీ మెట్లకు చరిత్ర తెలిసిన కళ్లు కావాలి. ఈ లోటును దాచడం అభిమానమే అవుతుంది గాని విమర్శ కాదు.

2023 అక్టోబరు తర్వాత గాజాలో ఇళ్లతో పాటు విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలూ నేలమట్టమయ్యాయి. రుజువు పోయినవాడు ఎలా చెప్పాలన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. కొత్త రూపం ఎదురైనప్పుడు మన యువ రచయితలు ‘ఇది అర్థమవుతుందా?’ అని అడగడం న్యాయమే. దానికన్నా ముందు ‘ఈ మనిషికి వేరే రూపం మిగిలిందా?’ అని అడగాలి.