నింద వెదురుది కాదు

హాంకాంగ్‌లో ముప్పై, నలభై అంతస్తుల మేడకు కింది నుంచి పై దాకా వెదురు పరంజా చూస్తే కొత్తవాళ్లకు గుండె జల్లుమంటుంది. కాసేపు అక్కడే నిలబడి ఆ పనివాళ్లను చూడండి, భయం పోయి దండం పెట్టాలనిపిస్తుంది. నిలువు బొంగుకు కాలు మెలివేసి, రెండు చేతులూ వదిలేసి, కిందివాడు అందించిన ఆరేడు మీటర్ల బొంగును గాలిలోనే తిప్పి కావలసిన చోట ఆనిస్తాడు మేస్త్రి. నడుముకు ఓ కత్తి, నల్లటి నైలాన్ బద్దల కట్ట. కొలతంతా కంట్లోనే ఉంటుంది.

ఆ కట్టు చూడాలి! రెండు బొంగులు కలిసిన చోట ఐదారు మిల్లీమీటర్ల వెడల్పున్న బద్దను బిగించి కొన్ని చుట్లు తిప్పుతారు. ముడి వేయరు. కొసలు రెండూ కలిపి మెలిపెట్టి, ఆ మెలికను చుట్ల కిందికి దోపేస్తారు. అంతే, మనిషి ఎక్కి నిలబడొచ్చు. పూర్వం నైలాన్‌కు బదులు వెదురు బద్దలే వాడేవారు.

బొంగులు రెండు రకాలు. లావుపాటి ‘మావ్ జ్యూ’ను ముఖ్యమైన నిలువు కర్రలకు వాడతారు, దాని వ్యాసం 75 మి.మీ.కు తగ్గకూడదు. సన్నంగా, గట్టిగా ఉండే ‘కావ్ జ్యూ’ అడ్డకర్రలకు, ఐమూల కర్రలకు. మూడేళ్లు ముదిరిన వెదురును నరికి, నెలల తరబడి ఆరబెట్టాకే పనిలోకి దించుతారు. పక్షి గూడు చూసి ఇల్లు కట్టడం నేర్పిన ఓ పురాణ పురుషుడితో ఈ విద్య మొదలైందని చైనాలో చెప్పుకుంటారు.

వెదురా, ఉక్కా అన్నది పనిని బట్టి తేల్చాలి. బరువైన రాళ్లు ఎక్కించాలన్నా, కాంక్రీటు స్లాబును కింద నుంచి మోయాలన్నా ఉక్కు గొట్టాలు పెట్టుకోండి, నేను కాదనను. కానీ ఇరుకు సందులో, వంకర గోడకు, బయటికి పొడుచుకొచ్చిన సైన్ బోర్డుల మధ్య ఉక్కు ఫ్రేము ఏం చేస్తుంది? దాని కొలత దానిది. వెదురును అక్కడికక్కడే కోసి గోడ తీరుకు తగ్గట్టు కడతారు. ఇరవయ్యో అంతస్తులో ఏసీ పెట్టె బాగుచేయాలంటే నేల నుంచి పరంజా లేపక్కర్లేదు. కిటికీ కింద గోడలో బోల్టులతో ఇనుప బ్రాకెట్లు బిగించి, వాటి మీద చిన్న పరంజా కట్టేస్తారు. పెద్ద పరంజా అయితే దాని బరువంతా అడుగు బొంగుల మీదే పడకుండా 15 మీటర్లకోసారి ఉక్కు బ్రాకెట్ల మీద ఆపుతారు. భవనానికి 6 మి.మీ. ఇనుప కడ్డీలతో కట్టిపడేస్తారు. నార్మన్ ఫాస్టర్ రూపకల్పనలో 1985లో పూర్తయిన హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు ఉక్కు భవనాన్ని కట్టేటప్పుడు కూడా వెదురు పరంజానే దన్నయింది.

అన్నిటికీ మించినది హాంకాంగ్‌లోని పో టోయ్ దీవి పనితనం. సముద్ర దేవత తిన్ హావ్ పుట్టినరోజు పండుగకు అక్కడ మేస్త్రీలు సముద్రపు ఒడ్డున ఎగుడుదిగుడు బండల మీద వెదురుతో ఏకంగా నాటకశాలే నిలబెడతారు. పునాది తవ్వరు. బండ ఎత్తుపల్లాలకు తగ్గట్టు ఒక్కో కాలును ఒక్కో పొడవున కోస్తారు. పండుగ అయిపోగానే విప్పేస్తారు. 2017లో హాంకాంగ్ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఇలా వెదురు నాటకశాలలు కట్టే విద్యకు చోటిచ్చింది. నన్నడిగితే ఆ గౌరవం ఎప్పుడో దక్కాల్సింది.

ఆ వెదురు విద్య మీదే ఇప్పుడు నింద పడింది. 2025 మార్చిలోనే ప్రభుత్వ కొత్త భవనాల పనుల్లో కనీసం సగానికి లోహపు పరంజాలు వాడాలని హాంకాంగ్ ప్రభుత్వం చెప్పింది. అదే ఏడాది నవంబరు 26న తాయ్ పో ప్రాంతంలోని వాంగ్ ఫుక్ కోర్ట్ అనే నివాస సముదాయంలో మంటలు లేచాయి. మరమ్మతుల కోసం పరంజా కట్టిన ఎనిమిది భవనాల్లో ఏడు అంటుకుని, 150 మందికి పైగా చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖం ముందు ఏ విద్యా గొప్పది కాదు. అందుకే నిజం చెప్పాలి. వెదురు కాలుతుంది, కాదని ఎవరూ అనరు. కానీ కిటికీలకు అంటించిన ఫోమ్ పలకల వల్ల మంట అంత వేగంగా పాకిందని అధికారులే చెప్పారు. పరంజాకు కప్పిన వలలు తుపానుకు చిరిగితే, వాటి స్థానంలో నిప్పును తట్టుకోలేని నాసిరకం వలలను చుట్ట 54 హాంకాంగ్ డాలర్ల చొప్పున కొన్నారనీ, తర్వాత తనిఖీలకు దొరకకుండా కింది భాగంలో మాత్రం మంచి వల కట్టారనీ దర్యాప్తు సంస్థ బయటపెట్టింది. మంచి వల చుట్ట దాదాపు 100 డాలర్లు. తేడా 46 డాలర్లు! ఈ కక్కుర్తికి వెదురు కట్టిన మేస్త్రి ఎందుకు తలవంచుకోవాలి?

మన పల్లెల్లో, పట్నాల్లో సరుగుడు కర్రలతో, కొబ్బరి తాళ్లతో పరంజా కట్టే మేస్త్రీలనూ ఇలాగే పక్కకు నెడుతున్నాం. ఇనుప ఫ్రేములు అద్దెకు తెచ్చి, అడుగున ఇటుక ముక్కలు దోపి, ఐమూల కడ్డీలు బిగించకుండానే కూలీలను పైకెక్కిస్తున్న కాంట్రాక్టర్లున్నారు. ఇనుము కదా అని ఎవరూ అడగరు. ఇల్లు కట్టించేవాళ్లను బతిమాలుకుంటున్నాను. పరంజా వెదురుదైనా, సరుగుడుదైనా, ఇనుముదైనా, మీ మేస్త్రిని పక్కన పెట్టుకుని అడుగున ఒక్కో కాలూ చూడండి, గోడకు ఎన్నిచోట్ల కట్టారో లెక్కపెట్టండి, కట్టు లాగి చూడండి. అవి సరిగా లేకపోతే కూలీలను ఎక్కనివ్వకండి.