రాగం మిగిలిన రాత్రి

పెన్నాతీర పవనాల్లో పలకరించి, ఉదయగిరి దుర్గశిఖరాల్లో ప్రతిధ్వనించి, ఆత్మకూరు వీధుల్లో దివిటీల వెలుగున దేవుడి ముందు నడిచిన నాదసుందరీ, సన్నాయీ! ఎన్ని పందిళ్ళలో పసుపుతాళ్ళకు సాక్షివి, ఎన్ని పల్లకీలకు ప్రాణవాయువువి! ముత్తైదువలా ముంగిట నిలవాల్సిన నువ్వు మూగదానిలా మూల ఒదిగావేమమ్మా?

తెల్లవారనీయకు సన్నాయీ, ఇంకా రాగం మిగిలే ఉంది.

మొన్న తిరునాళ్ళలో నిన్ను చూశాను. ఉత్సవమూర్తి ముందు నలుగురే నలుగురు వృద్ధులు: రెండు సన్నాయిలు, ఒక డోలు, ఒక తాళం. పెద్దాయన నీ మెడలో దారానికి వేలాడే పీకల్లో ఒకదాన్ని ఏరుకుని, పెదవుల నడుమ తడిపి, గోటితో నొక్కి చూసి, నీ శిరస్సున నిలిపాడు. అప్పుడు లేచింది కాంభోజి! మంద్రంలో మేఘంలా మూలిగి, మధ్యస్థాయిలో మల్లెలా విరిసి, తారస్థాయిలో తారకలను తాకి, తల్లి ఒడి వెతుక్కునే బిడ్డలా మళ్ళీ షడ్జం వైపు తిరిగి... రెండో ఆయన ఆ వంపును అందుకుని మరో వంపు తిప్పి ఇస్తే, పనసమాను డోలు మీద తొడుగులు వేసిన వేళ్ళు ఉరుములై ఉరికాయి, ఎడమచేతి పుల్ల ఎదురు పలికింది. రాసుకున్నది లేదు, ముందుగా అనుకున్నది లేదు; ఒకరి కనుసైగే ఒకరికి స్వరలిపి.

తెల్లవారనీయకు సన్నాయీ, ఇంకా రాగం మిగిలే ఉంది.

ఒంగోలు చెంత కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నిన్ను వెంటబెట్టుకుని శ్రీరంగం చేరి, రంగనాథుడికి నాదనైవేద్యం పెట్టాడు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా మన్నించింది. నమాజు చేసిన పెదవులు నీకు ఊపిరి పోస్తే, నువ్వు నారాయణుణ్ణి కొలిచావు! 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తరలిస్తే, ఆ పసిదేవుడి కోసం అక్కడో గుడి వెలసింది. రేపు నువ్వు ఈ కొండనీడ విడిచిపోతే, నాదమయీ, నీకోసం ఏ గుడి వెలుస్తుంది? ఏ రాయి నీకు ఆలయమవుతుంది?

తెల్లవారనీయకు సన్నాయీ, ఇంకా రాగం మిగిలే ఉంది.

కాంభోజి ఇంకా షడ్జం చేరనేలేదు. వెనక ట్రాక్టరు మీద డీజే పెట్టెలు గుండెలు గుబగుబలాడేలా గర్జించాయి. "చాల్లే తాతా, పక్కకు జరుగు. టైమైపోతా ఉంది," అన్నాడొక కుర్రవాడు, కోపంతో కాదు, తొందరతో. ఆ తొందరే కదమ్మా నీకు ఉరితాడు! రాగానికి రాత్రంతా రాసిచ్చిన ఊరు, ఇవాళ దేవుణ్ణి కూడా గంటలో ఊరేగించి గుడిలో పెట్టేస్తోంది. పెద్దాయన మారు మాట్లాడలేదు. పీకను మెల్లగా ఊడదీసి, తడి తుడిచి, దారానికి వదిలాడు. అది అటూ ఇటూ ఊగింది, చెప్పబోయిన మాట గొంతులోనే ఆగిన మనిషి పెదవిలా.

రాగం మిగిలే ఉంది సన్నాయీ! రాత్రే మిగల్లేదు.