ఎండను బట్టి దారి

మా చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ వైపు ఎర్రకొండలనూ లోతైన లోయలనూ కళ్లారా చూసినవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లే. మస్కట్‌లో ఏళ్లకేళ్లు డ్రైవర్‌గా చేసిన మా బామ్మర్ది కూడా అట్లాంటివాడే. ఒమన్‌లో జబల్ షమ్స్ కొండ పక్కన వాది ఘుల్ అనే లోయ ఉంది. లోతు కిలోమీటరు దాకా ఉంటుంది. తను పనిచేసిన సేఠ్ కుటుంబాన్ని, వాళ్ల చుట్టాలను అక్కడికి ఎన్నోసార్లు తీసుకుపోయాడు. వాళ్లు అంచున నిలబడి ఫొటోలు దిగుతుంటే ఇతను బండి దగ్గర కాపలా. "ఒక్కసారన్న మనింటోళ్లకు అసొంటిది చూపియ్యాలె బావా" అని అంటూనే ఉన్నాడు. సంక్రాంతి దాటాక పెన్నా లోయ ఉన్న గండికోట పోదామని ఈ వారం కూర్చుని దారి గీసుకున్నాం.

నేను ఫోనులో కిలోమీటర్లు లెక్కపెడుతుంటే ఆపేశాడు. "అది తర్వాత. పొద్దు ఎన్నింటికి గుంకుతదో ముందుగాల చూడు." ఎడారిలో బండి నడిపినవాడి లెక్క అది. ఎర్రరాయి నడి మధ్యాహ్నం వెలిసిపోయి కనిపిస్తుంది. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే దాని రంగు, పగుళ్లు, పొరలు బయటపడతాయి. కాబట్టి లోయ అంచున ఒక సాయంత్రం, ఒక పొద్దుపొడుపు దక్కాలి. మిగతా ప్రయాణమంతా ఆ రెండు పూటలకు తగ్గట్టు సర్దుకోవాలి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మనం సాధారణంగా చూడాల్సిన ఊర్ల జాబితా రాసుకుని, ఏ చోటికి ఏ వేళకు చేరితే అది తనను తాను చూపిస్తుందో ఆలోచించం.

చందుర్తి నుంచి గండికోట ఐదు వందల కిలోమీటర్లు దాటుతుంది. తెల్లారగట్ల నాలుగింటికి బయలుదేరి, వేములవాడలో రాజన్నకు బండి మీంచే దండం పెట్టుకుని, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా పోవాలి. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్‌లో దిగితే పట్నం ట్రాఫిక్ తగలదు. అక్కడి నుంచి కర్నూలు దాకా 44వ నంబరు జాతీయ రహదారి. తర్వాత పాణ్యం, బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు. మధ్యలో ఆగే చోట్లు కలుపుకున్నా పొద్దు గుంకేలోపు కోటలో ఉండొచ్చు. జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లే గానీ పెట్రోలు అక్కడే పోయించుకోవాలి. హరిత హోటల్ గది ముందే మాట్లాడుకోవాలి.

మా వైపు నల్లరాయి గుండ్లుగా పడి ఉంటుంది. అక్కడి ఎర్రమల కొండల్లో రాయి సిరిసిల్లలో మడతపెట్టి పేర్చిన బట్ట తానుల్లా పొరలు పొరలుగా ఉంటుంది. డైనోసార్లు పుట్టకముందెప్పుడో నీటి అడుగున చేరిన ఇసుక గట్టిపడి అట్లా రాయైంది. నంది కొండల్లో పుట్టిన పెన్నా దాన్ని కోసుకుంటూ పోయింది. లోయ సుమారు మూడు వందల అడుగుల లోతు. ఇది ఎడారి కాదు. వాన తక్కువపడే సీమ. కిందనున్న మైలవరం డ్యామ్ వల్ల ఇప్పుడు లోయలో నీళ్లు నిలబడి ఉంటాయి. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. కొండను తొలిచిన ఇరుకు దారి, పక్కనే లోయ ఉన్నాయని రాసుకున్నాడు. ఇప్పుడు మనం కారులో పోయి మాధవరాయ గుడి గోపురం, ధాన్యపు కొట్టు, జామియా మసీదు తీరిగ్గా చూస్తాం. చాలాచోట్ల అంచు ఉత్త బండరాయి. పిల్లల చేయి వదలొద్దు. ఈ విషయంలో మా బామ్మర్ది మాటకు తిరుగులేదు. ఒమన్‌లో వాగు పారుతుండగా బండి దించితే శిక్ష పడుతుంది. కొండనూ నీళ్లనూ అక్కడ ఎంత పట్టింపుగా చూస్తారో అతనికి తెలుసు.

రెండో రోజు మధ్యాహ్నానికి బెలుం గుహలు. ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు నేల లోపలికి పోవడం తెలివైన పని. కానీ లోపల చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు, ఉక్కపోస్తుంది. 3,229 మీటర్ల పొడవైన ఈ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. పర్యాటకులకు తెరిచింది మాత్రం 2002లో. మన వంటింటి గట్టు మీద పరిచే కడప బండకూ ఈ గుహలకూ ఒకటే జాతి సున్నపురాయి. పిల్లలకు అది తప్పకుండా చెప్పాలి.

యాగంటి గుడిని దారిలోంచి కొట్టేశాం. నాకు మనసు ఒప్పలేదు. కొండ కింది కోనేరు, గుహలు, ఆ నంది ఒక పూట కోరతాయి. అరగంటలో చూసొచ్చే చోటు కాదది. మా అత్తమ్మ మాత్రం వచ్చేటప్పుడు అలంపురం జోగులాంబ దర్శనం లేకుండా కర్నూలు దాటేది లేదంది. మొదట దారి మళ్లింపు అనుకున్నాను. ఆలోచిస్తే బాదామి చాళుక్యులు కట్టించిన ఆ నవబ్రహ్మ ఆలయాలు కూడా ఎర్ర ఇసుకరాయివే. రెండో రాత్రి కర్నూలులో పడుకుని, మూడో రోజు లేత ఎండలో ఆ గోడల ముందు నిలబడాలని రాసుకున్నాం. బండి ఎవరు నడపాలన్నది కూడా తేలింది. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు నేనే. బామ్మర్ది వెనక సీట్లో, కిటికీ పక్కన.